తలస్నానం చేసిన ప్రతిసారీ గుప్పెడు జుట్టు. హాస్టల్ బోరు నీళ్ల వల్లేనా?

జడకుచ్చులు | జనవరి 18, ఉదయం 11:40

అందరికీ నమస్తే. నాకు 26 ఏళ్లు. మాది ఏలూరు దగ్గర పల్లెటూరు. నవంబర్లో ఉద్యోగం వచ్చి హైదరాబాద్‌లో ఒక లేడీస్ హాస్టల్లో ఉంటున్నాను. జడ నడుం దాకా ఉంటుంది. లావు మాత్రం ఈ నెల రోజుల్లోనే తగ్గిపోయింది. రబ్బరు బ్యాండు రెండు చుట్లు తిరిగేది, ఇప్పుడు మూడు తిప్పినా వదులుగానే ఉంటోంది.

భోగి రోజు అమ్మ తలంటు పోస్తూ, కుంకుడు రసంతో రుద్దుతూ రుద్దుతూ చెయ్యి ఆపేసింది. ఏంటా అని తల తిప్పితే రసం కంట్లో పడింది. ఆ మంటలోనే అమ్మ అరచెయ్యి కనిపించింది. వేళ్ల సందుల్లో నల్లదారం చిక్కుపడినట్టు జుట్టు. "ఎవరి దిష్టి తగిలిందే" అని సాయంత్రం మిరపకాయలు కూడా తీసింది.

ఈరోజు హాస్టల్లో తలస్నానం అయ్యాక, బాత్రూం జాలీ మీద పోగైందంతా తీసి తెల్ల టిష్యూ మీద పరిచి లెక్కపెట్టాను. 212 దాకా లెక్కపెట్టి విసుగొచ్చి ఆపేశా. ఇంకా మూడో వంతు మిగిలింది.

ఇక్కడ నీళ్లు బోరువి. బకెట్ అంచుకి తెల్లగా పేరుకుంటుంది, సబ్బు రుద్దితే నురగ రాదు. రూమ్మేట్లిద్దరూ నీళ్ల వల్లే అంటున్నారు. 1,900 పెట్టి షవర్ ఫిల్టర్ ఆర్డర్ చేశా. ఎక్కువసార్లు పోసుకుంటే ఎక్కువ ఊడుతుందని భయమేసి వారానికి ఒక్కసారికి తగ్గించేశాను. ఆదివారం వస్తోందంటేనే టెన్షన్. ఎవరికైనా ఇలా అయిందా?

తెనాలి_అత్తయ్య | జనవరి 18, మధ్యాహ్నం 12:05

అమ్మాయ్, హాస్టల్ నీళ్లతో పాటు ఆ షాంపూలు కూడా మానెయ్. రాత్రి కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి మాడుకి పట్టించి, పొద్దున కుంకుడుకాయలు కొట్టి రసం తీసి పోసుకో. మందార ఆకు నూరి కలుపుకుంటే జారుగా ఉంటుంది. మా ఇంట్లో నాలుగు తరాలు ఇదే. మా అమ్మకి 74 ఏళ్లకి కూడా జడ మోచేతి లావుండేది. అప్పటికీ తగ్గకపోతే తిరుపతెళ్లి గుండు ఇచ్చెయ్, రెట్టింపు ఒత్తుగా వస్తుంది.

బట్టతల_బాబాయ్ | జనవరి 18, మధ్యాహ్నం 12:11

212 లెక్కపెట్టి ఇంకా మిగిలిందా! తల్లీ, నా నెత్తిన మొత్తం కలిపితే అన్ని తేలవు. నాకు తలస్నానంలో ఒక్కటి కూడా ఊడదు. ఊడటానికి ఉండాలిగా.

ఓపీ_చీటీ | జనవరి 18, మధ్యాహ్నం 2:30

డెర్మటాలజీ పీజీ రెండో ఏడాది చదువుతున్నాను. మా ఓపీలో రోజూ వినే మాట ఇది. కొంతమంది కవర్లో జుట్టు ఉండ పెట్టి తెచ్చి టేబుల్ మీద పెడతారు కూడా.

ముందు లెక్క చూద్దాం. 212 అయ్యాక మూడో వంతు మిగిలిందంటే మొత్తం 320 దగ్గర. అది భోగి తలంటు తర్వాత నాలుగైదు రోజుల కూడిక. అంటే రోజుకి 64 నుంచి 80. దువ్వినప్పుడు, దిండు మీద పోయేవి వేరే ఉంటాయనుకోండి. అయినా రోజుకి 50 నుంచి 100 దాకా ఊడటం మామూలే. రోజూ పోసుకునేవాళ్లకి కొంచెం కొంచెం పోతాయి కాబట్టి కనపడవు. వారానికోసారి పోసుకుంటే అన్నీ కలిసి ఒక్కసారే జాలీ మీద కనపడి గుండె ఝల్లుమంటుంది. పొడుగు జుట్టయితే మరీ. నడుం దాకా ఉన్న వంద వెంట్రుకలు చుట్టుకుంటే ఎలకపిల్లంత ఉంటుంది, క్రాఫు తలవి వందైతే చిటికెడు.

కాబట్టి మీ 320 అంకె నన్ను పెద్దగా భయపెట్టలేదు. రబ్బరు బ్యాండు మాటే పట్టించుకోవాల్సింది. మీ జుట్టుని మీ పాత జుట్టుతోనే పోల్చుకోవాలి, బ్యాండు చుట్లు అందుకు మంచి కొలత.

తలస్నానం తగ్గించడం వల్ల లాభం లేదు. మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటే అందులో 85 నుంచి 90 శాతం పెరుగుతూ ఉంటాయి. మిగిలినవాటిలో చాలావరకు పెరగడం ఆపి మూడు నెలలపాటు కుదుట్లో ఊరికే కూర్చుని ఉంటాయి. వాటికి పట్టు ఉండదు. నీళ్లో వేళ్లో తగిలితే జారి వచ్చేస్తాయి. ఈ ఆదివారం రానివి వచ్చే ఆదివారం వస్తాయి, అంతే తేడా.

ఇప్పుడు నాలుగు ప్రశ్నలు. ఊడిన వెంట్రుక ఒక చివర తెల్లగా చిన్న గుండుసూది తలలా ఉందా, లేక రెండు వైపులా మొండిగా ఉందా? పాపిడి వెడల్పయిందా? నెలసరి సరిగ్గా వస్తోందా, ఎక్కువ పోతోందా? అన్నిటికంటే ముఖ్యం: సెప్టెంబర్, అక్టోబర్లలో ఏం జరిగింది? జ్వరం, ఆపరేషన్, డైటింగ్, కొత్త మందులు, ఏదైనా.

డల్లాస్_పాపతల్లి | జనవరి 18, రాత్రి 8:50

ఆ చివరి ప్రశ్న చదవగానే నవ్వొచ్చింది. పాప పుట్టిన నాలుగో నెలలో నాకూ సరిగ్గా ఇదే. షవర్లో కాళ్లకి జుట్టు చుట్టుకునేది. ఒకసారి పాప బొటనవేలికి చుట్టుకుని వేలు ఎర్రగా కందింది, అప్పుడు మాత్రం నిజంగా భయపడ్డాను. బాలింతలెవరైనా ఉంటే పిల్లల చేతివేళ్లు, కాలివేళ్లు రోజూ చూసుకోండి, సాక్సుల లోపల కూడా.

నేనూ నీళ్లనే తిట్టాను. నీళ్లు ఆ ముందు మూడేళ్లూ అవే నీళ్లు! గర్భంతో ఉన్నప్పుడు ఊడాల్సినవి ఊడకుండా ఆగిపోతాయట, అందుకే ఏడో నెలలో అందరూ నా జుట్టు చూసి మెచ్చుకున్నారు. కాన్పయ్యాక ఆ బాకీ అంతా ఒకేసారి కట్టాల్సి వచ్చింది. పాప మొదటి పుట్టినరోజు ఫోటోల్లో నా నుదుటి మీద కుచ్చులా చిన్న వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఫోటోగ్రాఫర్ పాపం జెల్ రాయనా అని అడిగాడు.

జడకుచ్చులు | జనవరి 18, రాత్రి 10:15

ఓపీ_చీటీ గారూ, అక్టోబర్ మొదటి వారంలో డెంగీ వచ్చింది. ఊళ్లో ఉన్నప్పుడే. ప్లేట్‌లెట్లు 38 వేలకి పడిపోయాయి. అయిదు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను, ఆరు కిలోలు తగ్గాను. నిజం చెప్తున్నా, జుట్టుకీ దానికీ ముడిపెట్టాలని తట్టనే లేదు. అప్పుడు ఒక్క వెంట్రుక కూడా ఊడలేదు మరి.

టిష్యూ మీదవి మళ్లీ తీసి చూశాను (పారెయ్యలేదు, నవ్వకండి). ఎక్కువవాటికి చివర తెల్లటి చుక్క ఉంది. అంటే కుదురుతో సహా వచ్చేసినట్టే కదా? ఇక మళ్లీ రాదా? కొన్ని మాత్రం పొట్టివి, మొండివి. పాపిడి మామూలుగానే ఉంది. నెలసరి టైముకే వస్తుంది, కాకపోతే రెండు రోజులు బాగా ఎక్కువ.

ఓపీ_చీటీ | జనవరి 19, ఉదయం 7:20

డెంగీ. సరిగ్గా అదే వెతుకుతున్నాను.

ఒంటికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు పెరుగుతున్న వెంట్రుకల్లో చాలా భాగం ఒక్కసారే పని ఆపేస్తాయి. ఆపిన వెంటనే ఊడవు. పైన చెప్పానుగా, మూడు నెలల కూర్చోవడం ఉంటుంది. అక్టోబర్లో కూర్చున్నవి డిసెంబర్ చివర, జనవరిలో లేచాయి. ఈ మధ్యలో మీరు హైదరాబాద్ వచ్చారు, నీళ్లు మారాయి, షాంపూ మారింది. ఎదురుగా కనిపించేదాన్నే అనుమానిస్తాం. టైఫాయిడ్, చికున్‌గున్యా, కోవిడ్, ఆపరేషన్లు, కాన్పు, కడుపు మాడ్చుకునే డైటింగ్, అన్నిటికీ ఇదే వరస. దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటాం.

తెల్లచుక్క చూసి భయపడకండి. అది వెంట్రుక కాడ అడుగు, అంతే. కుదురు మాడులోనే ఉంది, దాన్నుంచి కొత్తది పుడుతుంది. సాధారణంగా ఈ ఊడటం ఆరు నెలల్లోపు తగ్గుతుంది. ఆరు నెలలు దాటినా అలాగే ఉంటే వేరే కారణం వెతకాలి. వెంట్రుక నెలకి ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి మీ నడుం పొడుగు జడ పాత లావుకి రావాలంటే ఏళ్లు పడుతుంది, అది ముందే చెప్తున్నా.

మొండివి ఊడినవి కావు, తెగినవి. ఆ లెక్క వేరు. నీళ్లు, దువ్వెన, టవల్ వాటి సంగతి.

ఇంకొకటి. నెలసరి ఎక్కువ పోతోందన్నారు, ఆరు కిలోలు తగ్గానన్నారు. హీమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతో చెప్పేది), థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్ చూపించుకోండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే సగానికి పైగా అన్నమాట. ఇంతా చెప్పి, నేను మీ తల చూడలేదు. దగ్గర్లో ఎవరైనా చర్మం డాక్టర్‌కి ఒకసారి చూపించుకోండి.

అత్తయ్య గారూ, గుండు గురించి. మొక్కు ఉంటే తప్పకుండా ఇవ్వండి. ఒత్తుదనం కోసం మాత్రం వద్దు. కత్తి పైన కాడనే కోస్తుంది, కుదుళ్ల సంఖ్య మారదు. కోసిన కొస మొండిగా ఉంటుంది కాబట్టి కొత్తగా వస్తున్నప్పుడు బిరుసుగా తగిలి, ఒత్తుగా అనిపిస్తుంది.

తెనాలి_అత్తయ్య | జనవరి 19, ఉదయం 9:02

మా పిల్లలందరికీ పుట్టువెంట్రుకలు తీయించాక ఒత్తుగానే వచ్చింది మరి.

ఓపీ_చీటీ | జనవరి 19, ఉదయం 9:10

పుట్టువెంట్రుకలు నూగులా పల్చగా ఉంటాయండీ, ఏడాది రెండేళ్లలో ఎలాగూ లావు జుట్టు వస్తుంది. తీయించని పిల్లలకీ వస్తుంది.

బోరుబావి_రాముడు | జనవరి 19, ఉదయం 10:45

నీళ్ల సంగతి నేను చెప్తాను, అపార్టుమెంటుల్లో నీటి సాఫ్ట్‌నర్లు బిగించడం నా పని.

ఆ తెల్లటి పొర కాల్షియం, మెగ్నీషియం. సబ్బు బిళ్ల వాటితో కలిస్తే విరిగిన పాలలా తెట్టు కడుతుంది. ఆ తెట్టే జుట్టుకి అంటి బిరుసెక్కిస్తుంది. షాంపూతో అంత తెట్టు రాదు. ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు: సగం సీసా నీళ్లలో సబ్బు తురుము వేసి గట్టిగా ఊపండి. పైన నురగ నిలబడితే పర్వాలేదు. నురగ లేకుండా మజ్జిగలా అయితే గట్టి నీళ్లు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు, వేరే నీటి వనరు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. వేసవిలో 600 దాటిన బోర్లు నేను చాలా చూశాను.

ఇక మీ 1,900 ఫిల్టర్. నొచ్చుకోకండి. షవర్‌కి తగిలించే డబ్బాల్లో ఎక్కువభాగం క్లోరిన్ వాసన, మట్టి పట్టడానికి పనికొస్తాయి. కాఠిన్యం పోవాలంటే ఆ కాల్షియం, మెగ్నీషియంని పట్టుకునే రెజిన్ ఉండాలి, దాన్ని ఉప్పునీళ్లతో అప్పుడప్పుడు కడుగుతుండాలి. ఆ పని పిడికెడు డబ్బాతో అయ్యేది కాదు. బోరు నీళ్లలో క్లోరినే ఉండదు, అది అక్కడ తీసేదేముంది?

హాస్టల్ వాళ్లకి నా సలహా: బోరు నీళ్లతోనే కడగండి, చివరి రెండు మగ్గులు మాత్రం మంజీరా నీళ్లో (ఊరి నల్లా నీళ్లు) తాగే నీళ్లో పోసుకోండి. ఆర్వో మిషన్ నుంచి పక్కకి పోయే నీళ్లు మాత్రం వాడొద్దు. చాలామంది వృథా ఎందుకని బకెట్‌కి పడతారు. తీసేసిన ఉప్పంతా చేరేది ఆ నీళ్లలోనే.

షాంపూ_పొట్లం | జనవరి 19, ఉదయం 11:30

అయితే బోరు నీళ్ల వల్ల జుట్టు ఊడుతుందా ఊడదా, ఒక్క ముక్కలో చెప్పండి రాముడు గారూ.

బోరుబావి_రాముడు | జనవరి 19, ఉదయం 11:34

బిరుసెక్కుతుంది, చిక్కుపడుతుంది, చిక్కు లాగితే తెగుతుంది. కుదుళ్లతో ఊడదీయడం నీళ్ల పని కాదు. ఇది చెప్తే నా వ్యాపారం దెబ్బతింటుంది, కానీ నిజం అదే.

దువ్వెన_సరోజ | జనవరి 19, మధ్యాహ్నం 3:15

రాజమండ్రిలో 18 ఏళ్లుగా బ్యూటీ పార్లర్ నడుపుతున్నాను. డాక్టర్ గారు ఊడినవాటి గురించి చెప్పారు. తెగినవాటి గురించి నేను చెప్తా. నా దగ్గరకొచ్చేవాళ్లలో సగంమంది చేతులారా తెంపుకుంటున్నవాళ్లే.

తలస్నానానికి ముందే చిక్కు తియ్యాలి. పొడిగా ఉన్నప్పుడు, వెడల్పు పళ్ల దువ్వెనతో, కొసల నుంచి మొదలుపెట్టాలి. ముందు జానెడు కొస, అది జారుగా వచ్చాక ఇంకో జానెడు పైకి. అందరూ మాడు దగ్గర దువ్వెన పెట్టి కిందికి ఒకే లాగుడు లాగుతారు. చిక్కులన్నీ కిందికి చేరి ముడి బిగుస్తుంది, ఫట్‌మని శబ్దం కూడా వినపడుతుంది. ఎలాగూ ఊడేవి ఇక్కడే దువ్వెనకి వచ్చేస్తాయి కాబట్టి జాలీ మీద కనిపించేవి కూడా తగ్గుతాయి.

జుట్టంతా నెత్తి మీదకి పోగేసి బట్టలుతికినట్టు రుద్దకండి. షాంపూ అయినా కుంకుడు అయినా మాడుకి, వేలికొసలతో. గోళ్లతో కాదు. కిందికి జారే నురగతోనే జడ శుభ్రపడుతుంది. కండిషనర్ చెవి కింద నుంచి కొసల దాకా. మరీ వేడినీళ్లొద్దు.

తర్వాత టవల్. మన అమ్మలు చేసేది గుర్తుందా? తల వంచి, తడి జుట్టుని తువ్వాలుతో టపాటపా కొట్టేవాళ్లు. గాల్లో నీటి తుంపర బాగుండేది, జుట్టుకి మాత్రం అది దెబ్బే. తడి వెంట్రుక రబ్బరులా సాగుతుంది, సాగినంతసేపు సాగి తెగుతుంది. పాత కాటన్ చీర ముక్కతో ఒత్తి, చుట్టి, పది నిమిషాలు వదిలెయ్యండి. ముప్పాతిక ఆరాక దువ్వండి. ఉంగరాల జుట్టువాళ్లు మాత్రం కండిషనర్ ఉన్నప్పుడే వేళ్లతో చిక్కు తీసుకుంటే మంచిది. ఎండితే వాళ్లకి ఇంకా కష్టం.

ఆముదం గురించి ఒక మాట. పెళ్లికి వారం ముందు ఒకమ్మాయి చిక్కటి ఆముదం తలంతా పట్టించి, నెత్తి మీద ముడేసి పడుకుంది. పొద్దున కడిగేసరికి ముడి ముడిగానే గట్టిపడింది, పిచ్చుకగూడులా. నాలుగు గంటలు ఇద్దరం కూర్చున్నా సగమే విడింది. మిగతాది కత్తిరించాం. పెళ్లికి సవరం పెట్టాల్సొచ్చింది. ఆముదం వాడాలనుకుంటే నాలుగు చుక్కలు కొబ్బరినూనెలో కలిపి రాసుకోండి, జుట్టుని ముడేసి రుద్దకండి.

పుంతరోడ్డు | జనవరి 19, సాయంత్రం 6:40

ఇదంతా చదువుతుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. దువ్వగా వచ్చిన చిక్కు జుట్టుని వేలికి చుట్టి, ఉండచేసి, గోడలో ఇటుక సందున దోపేది. మూడు నాలుగు నెలలకోసారి సైకిల్ మీద స్టీలు సామాన్లాయన వచ్చేవాడు, "చిక్కెంట్రుకలు కొంటాం" అని అరుస్తూ. సందుల్లోంచి ఉండలన్నీ తీసి త్రాసులో వేస్తే ఒక గ్లాసో గరిటో ఇచ్చేవాడు. మాకు పీచుమిఠాయి. మా ఇంట్లో ఇప్పటికీ ఒక టీ వడకట్టు ఉంది, అది మా మేనత్తల జుట్టుకి వచ్చిందే. అప్పుడు అంత జుట్టు ఊడుతోందని ఎవరూ ఏడవలేదు. ఇంకా రావట్లేదే, గిన్నె తీసుకుందామనుకుంటే అని చూసేవాళ్లు.

బట్టతల_బాబాయ్ | జనవరి 19, సాయంత్రం 6:52

మా ఇంట్లో స్టీలు సామాను ఎందుకు తక్కువో ఇప్పుడర్థమైంది.

కాజీపేట_కుర్రోడు | జనవరి 19, రాత్రి 9:30

అన్నా, అక్కా, మధ్యలో దూరుతున్నా. నాకు 24. తలస్నానంలో పెద్దగా ఊడవు, పది పదిహేను. కానీ నుదురు రెండు వైపులా వెనక్కి పోతోంది, నడినెత్తిన లైటు పడితే మాడు మెరుస్తోంది. ఫ్రెండ్ చెప్పాడని జుట్టు రావడానికి తలకి రాసే మందు, మినాక్సిడిల్ మొదలుపెట్టా, మూడు వారాలకి ఎక్కువ ఊడటం మొదలై భయమేసి ఆపేసిన. ఉల్లిపాయ రసం కూడా పెట్టిన, దిండు వాసనకి అమ్మ తిట్టింది.

ఓపీ_చీటీ | జనవరి 19, రాత్రి 10:05

తమ్ముడూ, నీది వేరే కథ. తలంతా ఊడకుండా ఒక ఆకారంలో, నుదురు మూలల్లో, నడినెత్తిన పల్చబడితే అది ఎక్కువగా వంశంతో వచ్చేది. అక్కడ జాలీ లెక్కతో ఏమీ తెలియదు. వెంట్రుకలు రాలడం కంటే, ఊడి మళ్లీ వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త సన్నబడుతూ పోవడమే అసలు సంగతి. ఆడవాళ్లలో ఇదే పాపిడి వెడల్పుగా కనపడుతుంది, అందుకే ఇందాక పాపిడి గురించి అడిగాను.

మినాక్సిడిల్ మొదట్లో కొన్ని వారాలు ఎక్కువ ఊడటం తెలిసిందే. కూర్చుని ఉన్న పాతవాటిని లేపి కొత్తవాటికి చోటిస్తుంది. గుణం తెలియాలంటే నాలుగు నుంచి ఆరు నెలలు ఆగాలి, ఆపేస్తే వచ్చింది మళ్లీ పోతుంది. అందుకే ఫ్రెండ్ మాట మీద కాకుండా డాక్టర్ చూశాక మొదలుపెట్టాలి. ఉల్లిరసం మాడు మండించి దద్దుర్లు తెప్పించిన కేసులు నేనే చూశాను.

రూపాయి బిళ్లంత గుండ్రంగా, నున్నగా ఊడితే అది పేనుకొరుకుడు. పేరులో పేను ఉన్నా అది కొరికేదేమీ లేదు. మన రోగనిరోధక శక్తే కుదుళ్ల మీద పడుతుంది. దానికి బ్లేడుతో గీకి ఏవేవో రుద్దే నాటువైద్యాలకి దయచేసి వెళ్లకండి.

షాంపూ_పొట్లం | జనవరి 20, ఉదయం 8:15

అత్తయ్య గారి కుంకుడు గొప్పదా, నా రెండు రూపాయల పొట్లం గొప్పదా, అది తేలలేదింకా.

దువ్వెన_సరోజ | జనవరి 20, ఉదయం 9:40

రెండూ జిడ్డు వదలగొట్టేవే. కుంకుడులో నురగ తెచ్చేది సపోనిన్లు, పొట్లంలో వేరేవి. కుంకుడు వాడితే గింజ తీసి నానబెట్టి, రసం పల్చటి గుడ్డలో వడకట్టండి. పిప్పి జుట్టులో ఉండిపోతే దాన్ని దువ్వుతూ తెంపుకుంటారు. ఆఫీసుకి పరిగెత్తే అమ్మాయి హాస్టల్ గదిలో కాయలెక్కడ కొడుతుంది? ఏది కుదిరితే అది. చుండ్రు ఉన్నవాళ్లు మాత్రం రాత్రంతా నూనె ఉంచకండి, అది ఎక్కువవుతుంది. చుండ్రుకి వాడే కీటోకొనజోల్ షాంపూ రాసిన వెంటనే కడిగేస్తారు చాలామంది. మూడు నుంచి ఐదు నిమిషాలు మాడు మీద ఉండనివ్వాలి.

తెనాలి_అత్తయ్య | జనవరి 20, ఉదయం 10:00

వడకట్టకుండా పోసుకునేవాళ్లు కూడా ఉన్నారా! ఆ మాత్రం తెలియకపోతే షాంపూయే నయం.

సెంట్రిఫ్యూజ్ | జనవరి 20, మధ్యాహ్నం 1:20

ల్యాబ్ టెక్నీషియన్‌ని. జడకుచ్చులు గారూ, పరీక్షలకెళ్లే ముందు ఒక్క మాట. జుట్టుకని బయోటిన్ (ఒక బి విటమిన్) మాత్రలో, తీపి గమ్మీలో తింటున్నారా? తింటుంటే శాంపిల్ ఇచ్చే చోట చెప్పండి. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని మెషిన్లలో థైరాయిడ్ రిపోర్టుని తారుమారు చేస్తుంది. గుండెపోటుకి చేసే ట్రోపోనిన్ పరీక్ష కూడా తప్పు రావచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. ఎన్ని రోజులు ఆపాలో డాక్టర్ని అడిగి ఆపండి. అసలు బయోటిన్ లోపం అరుదు, గుడ్డు తినేవాళ్లకి మరీ అరుదు.

జడకుచ్చులు | జనవరి 20, మధ్యాహ్నం 1:45

తింటున్నాను! డిసెంబర్ నుంచి. రోజుకి రెండు గమ్మీలు, స్ట్రాబెర్రీ రుచి. ఆపేస్తున్నా. థాంక్స్ అండి.

జడకుచ్చులు | ఫిబ్రవరి 1, రాత్రి 9:10

రిపోర్టులొచ్చాయి. హీమోగ్లోబిన్ 10.4, ఫెరిటిన్ 9, టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంది. డాక్టర్ గారు పాపిడి చూసి, ఒక కుచ్చు పట్టుకుని మెల్లగా లాగి చూశారు, ఏడో ఎనిమిదో వచ్చాయి. డెంగీ తేదీ అడిగి వేళ్ల మీద నెలలు లెక్కపెట్టారు, అచ్చం మీరు చెప్పినట్టే. ఐరన్ మాత్రలు మూడు నెలలకి రాశారు. తలకి ఏ మందూ రాయలేదు. కొంచెం నిరాశగా అనిపించింది, అంత దూరం ఆటోలో వెళ్తే.

ఓపీ_చీటీ | ఫిబ్రవరి 1, రాత్రి 9:55

ఫెరిటిన్ 9 అంటే ఇనుము డబ్బా అడుగంటింది. 30 లోపుంటేనే నిల్వలు తగ్గాయని చూస్తాం. మాత్ర వేసుకునే గంట ముందూ రెండు గంటల తర్వాతా టీ, కాఫీ వద్దు. పాలు, కాల్షియం మాత్రలు కూడా దానితో కలపకండి. నిమ్మరసం నీళ్లతో వేసుకుంటే బాగా పడుతుంది. మలం నల్లగా వస్తుంది, కంగారు పడకండి. నెలసరి ఎక్కువ పోవడం గురించి గైనకాలజిస్టుకి కూడా చెప్పుకోండి. తొట్టికి చిల్లి ఉంటే ఎంత పోసినా నిండదు.

డల్లాస్_పాపతల్లి | ఫిబ్రవరి 1, రాత్రి 11:30

టీ సంగతి ఎవరూ చెప్పరు! నేను ఏడాదంతా మాత్ర టీతోనే మింగాను.

జడకుచ్చులు | మే 10, ఉదయం 10:20

ఎవరైనా ఇంకా ఈ చర్చ చూస్తుంటే, మళ్లీ వచ్చాను.

మార్చి మధ్య దాకా అలాగే ఊడింది. ఒక ఆదివారం ఏడ్చాను కూడా. ఏప్రిల్ నుంచి తగ్గింది. ఇప్పుడు వారానికి మూడుసార్లు తల పోసుకుంటున్నా, ముందు పొడిగా చిక్కు తీసి. చివరి రెండు మగ్గులు క్యాన్ నీళ్లు. హాస్టల్ ఆంటీ మొదట గొణిగింది, ఇప్పుడు ఆవిడా అదే చేస్తోంది. లెక్కపెట్టడం మానేశా, జాలీ మీద చిన్న ఉండ, అంతే. హీమోగ్లోబిన్ 12.1కి వచ్చింది. బ్యాండు ఇంకా మూడు చుట్లే, కానీ ఈసారి బిగుతుగా పడుతోంది.

పోయిన వారం ఇంటికెళ్తే అమ్మ తలకి నూనె రాస్తూ మళ్లీ చెయ్యి ఆపింది. నాకు గుండె జారిపోయింది. "ఇదేంటే, పాపిడి పొడుగునా పిచ్చుక ఈకల్లా లేచాయి" అంది. నాలుగు వేళ్ల వెడల్పంత కూడా ఉండవు, అణిచినా అణగవు. దిష్టి తీసినందుకే వచ్చాయని అమ్మ నమ్మకం. నేను కాదనలేదు.

షవర్ ఫిల్టర్ సీలు కూడా విప్పలేదు, తిప్పి పంపే గడువు దాటిపోయింది. హైదరాబాద్‌లో ఎవరికైనా కావాలంటే 1,200కి ఇస్తాను.

బోరుబావి_రాముడు | మే 10, ఉదయం 10:31

నేనన్ని మాటలు చెప్పాక కూడా ఇక్కడే అమ్మకానికి పెట్టారా తల్లీ!

బట్టతల_బాబాయ్ | మే 10, ఉదయం 10:40

500కి ఇస్తే నేను తీసుకుంటా. మొక్కలకి పోసే పైపుకి తగిలిస్తా.